కృష్ణయ్య గేటు ముందు సలాం

బహదూర్‌పురాలో అండాలమ్మను ఎరగనివాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు. కొలువులో ఉన్నన్నాళ్ళూ మాత్రం పక్క గల్లీవాళ్ళకు కూడా ఆమె జడ్జి అని సరిగ్గా తెలియదు. పొద్దున కారొచ్చి తీసుకుపోయేది, సాయంత్రం దింపిపోయేది. ఏదో పెద్దాఫీసులే అనుకునేవారు. రిటైరై, టీవీలో ‘గడప దాటిన గొడవ’ అనే కార్యక్రమంలో జడ్జి కుర్చీ ఎక్కాకే బస్తీకి కళ్ళు తెరుచుకున్నాయి. నిజం కోర్టులో ఏళ్ళ తరబడి రాసిన తీర్పులకు రాని పేరు టీవీ కోర్టులో నెల తిరక్కుండా వచ్చింది. కూరగాయల బండివాడు తూకం వేసి, "సరిగ్గున్నదా మేడం, మీరే చెప్పాలె" అంటాడు. ఆటోవాళ్ళు ఆమె నోరు తెరవకముందే మీటరు వేస్తారు.

ఆ పేరు చూసి అందరికన్నా ఎక్కువ మురిసిపోయేది తమ్ముడు లక్ష్మయ్య. తండ్రి నుంచి వచ్చిన బర్రెల కొట్టం, పాల దుకాణం అతనివే. దుకాణంలో గోడకు టీవీ పెట్టించాడు. అక్క కార్యక్రమం వచ్చే సాయంత్రం పాల కోసం వచ్చినవాళ్ళెవరూ గిన్నె నిండగానే వెళ్ళడానికి వీల్లేదు, తీర్పు దాకా నిలబడాల్సిందే. "మా అక్క" అనేటప్పుడు అతని మీసం దానంతటదే లేచేది.

టీవీవాళ్ళు మొదటిరోజు ఆమె ముందు ఒక కొయ్య సుత్తి పెట్టారు.

"ఇదేంది?" అని అడిగింది అండాలమ్మ.

"అందరూ నిశ్శబ్దంగా ఉండడానికి కొట్టాలి మేడం" అన్నాడు ప్రొడ్యూసర్ శ్రవణ్‌కుమార్.

"ఇన్నేండ్లు కోర్టుల కూసున్న నాయనా, ఏనాడూ సుత్తి అక్కర రాలే" అని దాన్ని సంచీలో వేసుకుని ఇంటికి తెచ్చేసింది. అప్పటి నుంచి లక్ష్మయ్య భార్య సుశీలమ్మ దానితో చాయ్‌లోకి అల్లం దంచుతోంది.

శ్రవణ్‌కుమార్ కోరిక ఒక్కటే, స్టేజీ మీద ఎవరో ఒకరు ఎవరిదో ఒకరి చెంప పగలగొట్టాలి. "నా ముందట చెయ్యి లేస్తె నేను లేచి ఎల్లిపోత" అని అండాలమ్మ ఆ ముచ్చట మొదట్లోనే తుంచేసింది. ఆమె పద్ధతి వేరు. ఇద్దరి మాటా విన్నాక, తీర్పుకు ముందు, ఒకరి వాదన ఇంకొకరి చేత చెప్పించేది. "ఇప్పుడు నువ్వు ఆమె వకీలువి. ఆమె దిక్కు నుంచి చెప్పు." అత్త కోడలి తరఫున మాట్లాడాలి, కోడలు అత్త తరఫున. సగం గొడవలు అక్కడే చల్లారిపోయేవి. అది సర్కారు కోర్టు కాదు. ఇద్దరూ ఆమె మాటకు కట్టుబడతామని ముందే ఒప్పుకుని వచ్చేవారు, అలాగే కట్టుబడేవారు. కొట్లాట లేని ఈ కోర్టును జనం ఎందుకు చూస్తున్నారో శ్రవణ్‌కుమార్‌కు అంతుపట్టలేదు గానీ, చూస్తున్నారు కాబట్టి నోరు మూసుకున్నాడు. పాత కొలువు స్నేహితులు కొందరు, జడ్జిగా చేసి ఈ డ్రామాలేమిటని వెక్కిరించారు. అండాలమ్మ నవ్వి ఊరుకుంది.

ఆ ధీమా ఊరికే వచ్చింది కాదు. తండ్రి కృష్ణయ్య సైకిలుకు రెండు పక్కలా పాల క్యాన్లు కట్టుకుని నయాపూల్ వంతెన దాటి వకీళ్ళ ఇళ్ళకు పాలు పోసేవాడు. ముందు కడ్డీ మీద చిన్న అండాలు. తెల్లారకముందే, పక్కనున్న జూలో సింహాలు అరిచే వేళకు బయల్దేరేవారు. వంతెన మీదికి రాగానే కోర్టు గుమ్మటాలు కనపడేవి, కృష్ణయ్య సైకిలు నెమ్మది చేసేవాడు. "అండ్ల మన ఆడిపిల్ల కూసుంటె ఎట్లుంటదో" అనేవాడు, ఎవరితోనూ కాదన్నట్టు. అండాలు కొట్టంలో పేడ ఎత్తి, స్నానం చేసి, సాయంకాలపు లా కాలేజీకి వెళ్ళింది. పేడ వాసన వస్తోందని పక్కనమ్మాయి జరిగి కూర్చుంటే, ఆమె పుస్తకాలు పరుచుకుని ఆ బెంచీ మొత్తం తనదే చేసుకుంది. జడ్జిగా కూర్చున్న మొదటిరోజు కృష్ణయ్య హాలు వెనక నిలబడి చూసి, కూతురు తల ఎత్తేలోపలే వెళ్ళిపోయాడు. బర్రెలు పితికే వేళ అయింది మరి.

భర్త పోయాక, రిటైరు కాకముందే అండాలమ్మ తండ్రి ఇంటికే వచ్చి మేడ మీద వాటాలో ఉంటోంది. ఆ ఇంటికి ఒక గౌరవం ఉంది. దీపావళి వెళ్ళగానే పాలవాళ్ళకు సదర్ పండగ. దున్నపోతులను కడిగి, నూనె రాసి, కొమ్ములకు రంగులేసి, మెడకు గవ్వల దండలు కట్టి, తీన్‌మార్ డప్పు మీద ఊరేగిస్తారు. బస్తీ ఊరేగింపు బయల్దేరాక మొట్టమొదట ఆగేది కృష్ణయ్య గేటు దగ్గర. అక్కడ దున్న ముందుకాళ్ళు పైకెత్తి సలాం చేస్తుంది, ఇంటి పెద్ద దాని మెడలో పూలదండ వేస్తాడు. ఆ తరువాతే మిగతా ఇళ్ళు. కృష్ణయ్య పోయాక ఆ దండ లక్ష్మయ్య చేతికి వచ్చింది. ఆడవాళ్ళు మేడ మీది నుంచి చూస్తారు. అండాలమ్మ జడ్జిగా ఉన్న రోజుల్లోనూ మేడ మీది నుంచే చూసింది.

ఈ ఏడు ఆ గేటు మర్యాదకే గండం వచ్చింది.

ఫలక్‌నుమాలో నందు అని ఒక పాలవాడు దిల్దార్ అనే దున్నను ప్రాణంగా పెంచాడు. తాను తినకముందు దానికి పెట్టేవాడు. అతనికి జబ్బు చేసి ఆస్పత్రిలో చేరినప్పుడు దిల్దార్, నందు వాళ్ళ అన్నయ్య మనీష్ కొట్టానికి చేరింది. నందు తిరిగి రాలేదు. కొన్నాళ్ళకు భార్య పూజిత వెళ్ళి మా దున్నను తోలుకుపోతానంటే, "నందు నాకు ఎప్పుడో అమ్మిండు" అన్నాడు మనీష్. ఆమె, బహదూర్‌పురా సదర్‌ను కూడా నడిపించే కులపెద్ద వైకుంఠం దగ్గరికి వెళ్ళింది. వైకుంఠం మనీష్‌కు పిల్లనిచ్చిన మామ. అల్లుడి మాటే నిజమని తేల్చేశాడు. అసలు కోర్టుకు వెళితే తీర్పు వచ్చేసరికి దిల్దార్‌కు పళ్ళూడిపోతాయి. అందుకని పూజిత టీవీ గడప తొక్కింది. మనీష్ కూడా సరేనన్నాడు. మామ అండ ఉంది, టీవీలో గెలిస్తే ఊరందరి ముందు గెలిచినట్టే కదా అనుకున్నాడు.

షూటింగుకు ముందు వైకుంఠం కర్ర పట్టుకుని స్వయంగా వచ్చాడు. ఎనభై దాటిన మనిషి, కృష్ణయ్యతో కలిసి బర్రెలు కాసినవాడు. సుశీలమ్మ ఇచ్చిన చాయ్ సాసర్‌లో పోసుకుని నింపాదిగా తాగాడు.

"బిడ్డా అండాలూ, నువ్వు టీవీల కనబడితె నా ఛాతి ఇంత అయితది. మన కులంల పుట్టిన బంగారానివి. గానీ మన ఇంటి లొల్లి మనం కూసోని తెంపుకుంటం. దాన్ని టీవీల పెట్టుడు ఏంది?"

"నేను పెట్టలే బాపు. ఆ పిల్ల ముందుగాల మీ తానకే వచ్చింది కద."

"వచ్చింది, నేను చెప్పిన. నేను చెప్పిందే నువ్వూ చెప్తె ఇద్దరికీ ఇజ్జత్." ఆయన సాసర్ కింద పెట్టాడు. "సదర్ ఏ తొవ్వల పోవాలె, ఎవరి గేటు కాడ ఆగాలె, అది పదిమంది చేతుల ఉన్న ముచ్చట. ఈసారి వేరే తొవ్వ పడదామని వాళ్ళంటె నేనొక్కన్ని ఏం చేస్త?"

బెదిరింపును ఇంత మర్యాదగా, చాయ్ బాగుందని సుశీలమ్మకు చెప్పి మరీ చేయడం పాతబస్తీ పెద్దమనుషులకే చెల్లింది. ఆయన గేటు దాటగానే లక్ష్మయ్య అక్క ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"అక్కా, నేను నిన్ను ఏనాడన్న ఏమన్న అడిగిననా? ఈ ఒక్క కేసు ఇడిసిపెట్టు. పానం మంచిగ లేదని చెప్పు, ఇంకెవరినన్న కూసోబెట్టుకుంటరు. సదర్ మన గేటు దాటి పోయిందంటె నేను బస్తీల తల ఎట్ల ఎత్తుకోవాలె? అది నా ఇజ్జత్ కాదు, నాయినది."

అండాలమ్మకూ భయం వేసింది. తండ్రి పోయాక ఆయనకంటూ బస్తీలో మిగిలింది ఆ ఒక్క సలామే. తన మూలంగా అది ఆగిపోతే కన్నతండ్రి పేరు తన చేతులతో తుడిచేసినట్టే.

"నేను లేస్తె ఆ పిల్ల ఇంకెవరి తానకు పోతది తమ్మీ?" అంది. "కులంల పెద్దమనిషి వినలే. టీవీల నేనూ విననంటె ఇగ ఆమెకు ఎవరున్నరు?"

లక్ష్మయ్య గిరుక్కున తిరిగి కిందికి దిగిపోయాడు. ఆ సాయంత్రం నుంచి దుకాణంలో టీవీ పెట్టడం మానేశాడు. అక్కకు చాయ్ సుశీలమ్మ చేతనే పంపేవాడు.

షూటింగు రోజు స్టూడియోలో సగం బస్తీ దిగింది. ముందు వరసలో వైకుంఠం. దిల్దార్‌ను కూడా తెప్పిద్దామని శ్రవణ్‌కుమార్ తెగ ముచ్చటపడ్డాడు. అది ఒక్కసారి ఒళ్ళు విరుచుకుంటే నీ స్టేజీ మిగలదని అండాలమ్మ చెప్పాకే ఊరుకున్నాడు. ఆమె ఎప్పటిలాగే నేతచీర కట్టుకుని వచ్చి కూర్చుంది.

"షురూ చేసే ముందు ఒక మాట" అంది. "వీళ్ళు నా కులపోళ్ళు. వైకుంఠం బాపు మా నాయిన దోస్తు. సదర్ మా గేటు కాడ ఆగాల్నా వద్దా అన్నది ఆయన చేతుల ఉన్నది. ఇది తెలిసినంక మీ ఇద్దర్ల ఎవరికన్న నేను వద్దనిపిస్తె ఇప్పుడే చెప్పుర్రి. లేచి ఎల్లిపోత."

వైకుంఠం కర్ర మీద చేతులు మార్చుకున్నాడు. మనీష్ నవ్వి, "మాకు మీరే మంచిగ మేడం" అన్నాడు. పూజిత తల ఊపింది.

మనీష్ తన కథ చెప్పాడు. తమ్ముడు ఆస్పత్రికి వెళ్ళబోయే ముందు దిల్దార్‌ను తనకు అమ్మాడు, తాను పైసలు తమ్ముడి చేతిలోనే పెట్టాడు, కావాలంటే మామను అడగండి. పూజిత చెప్పింది రెండే ముక్కలు. "అమ్మితె నాతోని చెప్పడా మేడం? ఆఖరు దినాలల్ల నోట మాట రాకున్నా, దిల్దార్ తిన్నదా అని సైగ చేసి అడిగిండు."

"సరే" అంది అండాలమ్మ. "పూజితా, ఇప్పుడు నువ్వు మీ బావ వకీలువి. ఆయన దిక్కు నుంచి చెప్పు."

పూజిత మనీష్ వైపు తిరిగింది. "మా బావ చెడ్డోడు కాదు మేడం. మేం దవాఖానల ఉంటె దిల్దార్‌కు మేత తక్కువ చెయ్యలే. దెబ్బ తగలనియ్యలే. ఇన్ని నెలలు చూసుకున్నంక అది నాదే అనిపిస్తది. ఆయన తాన నేనున్నా నాకూ గట్లనే అనిపిస్తుండె." మనీష్ ఒక్క క్షణం తల దించుకున్నాడు. వెనక వరసల్లో ఎవరో ముక్కు ఎగబీల్చారు.

"ఇప్పుడు నీ వంతు మనీష్. నువ్వు ఆమె వకీలువి."

మరదలు అంత మంచిగా మాట్లాడాక మనీష్‌కు దారి దొరకలేదు, దొరక్కపోయేసరికి రోషం వచ్చింది. "ఆమె దిక్కు నుంచి చెప్పనీకి ఏమున్నది మేడం? ఆడమనిషి సదర్ దున్నను ఏం చేసుకుంటది?" అని సంచీలో చెయ్యి పెట్టాడు. ఎర్రదారం, నల్లదారం కలిపి పేనిన లావుపాటి పలుపు బయటికి వచ్చింది. దాని నిండా గవ్వలు. "ఇగో. దిల్దార్ పలుపు. నందు సొంతంగ పేనిండు. దవాఖానకు పోయే పొద్దున తన చేతితోని నా చేతిల పెట్టిండు. అమ్మకపోతె ఎందుకు ఇస్తడు? ఇంతకన్న సాక్షం ఏం గావాలె?"

కెమెరాల వెనక ఉన్నవాళ్ళకు ఏమీ అర్థం కాలేదు. బస్తీవాళ్ళు మాత్రం ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఒక ముసలావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మనీష్ పేరుకు పాలవాడే గానీ చేసేది సెల్‌ఫోన్ల వ్యాపారం. కొట్టం పనంతా జీతగాళ్ళు చూసుకుంటారు. దున్న అతనికి సదర్ రోజు పక్కన నిలబడి ఫోటో దిగడానికే.

అండాలమ్మకు పలుపు చూడగానే తెలిసిపోయింది. తీర్పు నాలుక చివర ఉంది. అయినా ఆమె చెప్పలేదు. ముందు వరస వైపు తిరిగింది.

"వైకుంఠం బాపు, మా నాయిన ఉంటె ఆయన్నే అడుగుతుంటి. ఇప్పుడు మీరే పెద్ద. మన తాన పశువును అమ్మితె పలుపు ఇస్తరా?"

అల్లుడు వైకుంఠం వైపు ఆశగా చూస్తున్నాడు. ఇస్తారంటే అల్లుడు గెలుస్తాడు, దిల్దార్ ఇంట్లోనే ఉంటుంది. కానీ ఆ మాట టీవీలో అంటే, పుట్టినప్పటి నుంచి తాను బతికిన కొట్టం మీదే అబద్ధం ఆడినట్టు. ఆయన కర్ర ఊనుకుని మెల్లగా లేచాడు.

"ఇయ్యరు" అన్నాడు. ఎవరూ అడగకుండానే మళ్ళీ గట్టిగా అన్నాడు. "ఇయ్యరు బిడ్డా. పశువును అమ్మితె మన పలుపు ఇప్పుకోని ఇంట్ల పెట్టుకుంటం. కొన్నోడు తన పలుపు తెచ్చుకుంటడు. అమ్మినప్పుడు పలుపు గూడ ఇస్తె కొట్టంల లచ్చిమి దాని ఎంబడి పోతదని మన పెద్దలు ఇయ్యలే, మేం ఇయ్యలే. పలుపుతోని చేతిల పెట్టిండంటె అది అమ్ముడు గాదు. నేనొచ్చేదాంక చూసుకో అని."

అప్పటిదాకా కన్నీరు ఆపుకున్న పూజిత ఆ మాటకు ఏడ్చేసింది. మనీష్ చేతిలోని పలుపు వైపు చూస్తూ నిలబడిపోయాడు. తమ్ముడు తనకు ఏం ఇచ్చి వెళ్ళాడో అతనికి అప్పుడే తెలిసినట్టుంది.

"దిల్దార్ పూజితది" అంది అండాలమ్మ. ఆమె తీర్పులు ఎప్పుడూ పొట్టివే. "మనీష్, నీ తమ్ముడు నిన్ను నమ్మి ఇచ్చిండు. నువ్వు మంచిగనే చూసుకున్నవ్, ఆమెనే చెప్పింది. ఆ పలుపు ఆమె చేతిల పెట్టి ఆ మాట నిలబెట్టుకో."

శ్రవణ్‌కుమార్ కళ్ళు తుడుచుకుంటూ ఎవరూ ఎవరినీ కొట్టలేదన్న సంగతే మరచిపోయాడు. ఇంటికి వస్తూ కారు నయాపూల్ మీదికి రాగానే అండాలమ్మ డ్రైవరును కాస్త నెమ్మదిగా పోనిమ్మంది. కోర్టు గుమ్మటాలు దాటేదాకా చూస్తూ కూర్చుంది. కృష్ణయ్య బిడ్డ చేయాల్సిన పనే చేశానని ఆమెకు గట్టిగా అనిపించింది.

సదర్‌కు ముందు ఆ కార్యక్రమం టీవీలో వచ్చింది. లక్ష్మయ్య దుకాణంలో టీవీ పెట్టలేదు గానీ, లోపల కొట్టంలో ఫోనులో చూశాడని సుశీలమ్మ పైకొచ్చి చెప్పింది. చూసి ఏమన్నాడని అడిగితే, బర్రె వీపు నిమురుతూ నిలబడ్డాడంది. సదర్ రోజున మాత్రం పొద్దున్నే పోయి బంతిపూల దండ తెచ్చాడు. ఊరేగింపు తమ గేటు దగ్గర ఆగుతుందో లేదో ఎవరూ అతనికి చెప్పలేదు.

పొద్దు వాలే వేళకు డప్పులు మొదలయ్యాయి. లక్ష్మయ్య దండ పట్టుకుని గేటు ముందు నిలబడ్డాడు. అండాలమ్మ, సుశీలమ్మ మేడ మీద పిట్టగోడ దగ్గర నిలబడ్డారు. చప్పుడు గల్లీ మలుపు దాకా వచ్చి, ఒక్కసారిగా అవతలి గల్లీ వైపు మళ్ళినట్టు సన్నగిల్లింది. లక్ష్మయ్య చేతిలోని దండ కిందికి జారింది. అండాలమ్మ పిట్టగోడను గట్టిగా పట్టుకుంది. తప్పు చేయలేదని తెలిసినా తమ్ముడి వీపు చూడలేకపోయింది.

అంతలో డప్పు మళ్ళీ దగ్గరైంది. మలుపు తిరిగి ముందుగా వైకుంఠం కర్ర కనిపించింది, ఆయన వెనక నూనెతో మెరిసిపోతూ దిల్దార్. దాని పలుపు పూజిత చేతిలో ఉంది. సదర్ దున్న పలుపు ఒక ఆడమనిషి పట్టుకుని నడవడం ఆ బస్తీ అంతకుముందు చూడలేదు. ఇంకో పక్క, దాని కొమ్ము మీద చెయ్యి వేసి మనీష్ నడుస్తున్నాడు.

ఊరేగింపు కృష్ణయ్య గేటు ముందుకు వచ్చి ఆగింది.

లక్ష్మయ్య దండ ఎత్తాడు. వైకుంఠం కర్ర అడ్డం పెట్టాడు.

"నువ్వు కాదు లచ్చయ్యా. ఇంటి పెద్దను పిలువు."

లక్ష్మయ్యకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక మేడ వైపు తల ఎత్తాడు. ఎన్నో రోజులుగా నోట్లోనే ఉండిపోయిన పిలుపు గల్లీ అంతా వినపడేట్టు వచ్చింది. "అక్కా, కిందికి రా."

అండాలమ్మ మెట్లు దిగి వచ్చింది. చెప్పులు వేసుకోవడం మరచిపోయింది. ఆమె గేటు దాటగానే డప్పులు ఆగాయి. పూజిత పలుపు వదులు చేసి దిల్దార్ చెవి దగ్గర ఏదో అంది. అది మెడ ఊపి, ముందుకాళ్ళు రెండూ పైకెత్తి నిలబడింది. ఇన్నేళ్ళలో ఎన్నో హాళ్ళలో ఎందరో తన కోసం లేచి నిలబడ్డా తడవని కళ్ళు ఇక్కడ తడిశాయి. ఆమె వాటిని తుడుచుకోలేదు కూడా. దండలో ఒక కొస తమ్ముడి చేతికిచ్చింది. ఇద్దరూ కలిసి దిల్దార్ మెడలో వేశారు.

డప్పులు మళ్ళీ ఊపందుకున్నాయి. ఊరేగింపు చూడడానికి వేరే బస్తీ నుంచి వచ్చిన ఒకాయన జనంలోంచి తల పైకెత్తి, "ఆమె ఎవరు అన్నా, దండ మొగోళ్ళే ఏస్తరు కద?" అని లక్ష్మయ్యను అడిగాడు.

టీవీ జడ్జి అని చెప్పొచ్చు. సర్కారు జడ్జి అని చెప్పొచ్చు. లక్ష్మయ్యకు ఆ రెండూ చాలవనిపించాయి.

"కృష్ణయ్య బిడ్డ" అన్నాడు.